మార్టూరు నియోజకవర్గం ఏమైంది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాసి పంపమని హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు మేము నలుగురం కూర్చుని ఆలోచించాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసేవాళ్లు ఎటూ ఉంటారు. మాకు మాత్రం ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది. మేము పదో తరగతి దాటి ఇంటర్లో చేరిన రోజులవి. ఒక దరఖాస్తులో 'అసెంబ్లీ నియోజకవర్గం' అనే గడి ఉంది. మేమంతా దర్జాగా 'మార్టూరు' అని రాసి పట్టుకెళ్లాం. కౌంటర్లో ఉన్నాయన కాగితాలు తిరగేసి, "ఈ పేరుతో నియోజకవర్గం లేదు, సరిగ్గా రాసుకురండి" అని వెనక్కి నెట్టేశాడు. లేకపోవడమేమిటి, మా గోడల మీద రాసి ఉంది కదా అన్నాం. "గోడ మీద ఉంది గానీ గెజిట్‌లో లేదు" అన్నాడు. ఆ పూట బస్సు ఛార్జీలు వృథా అయ్యాయి. మళ్లీ కొత్త ఫారం కొనుక్కుని 'పర్చూరు' అని రాసి ఇచ్చాం.

ఊరు ఉంది, మండలం ఉంది, హైవే మీద బోర్డు ఉంది, పత్తి మిల్లులు, గ్రానైట్ ఫ్యాక్టరీలు అన్నీ ఉన్నాయి. నియోజకవర్గం ఒక్కటే లేకుండా ఎలా పోయింది? అప్పుడు మాకు చెప్పినవారు లేరు. తరువాత గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేటప్పుడు పాలిటీ పుస్తకాల్లో కొంత, పాత పేపర్లలో కొంత దొరికింది. అదే ఇక్కడ మీకు చెబుతున్నాం.

లెక్క ఎక్కడ మొదలవుతుంది

మన రాజ్యాంగంలో 82వ అధికరణం లోక్‌సభ గురించి, 170వ అధికరణం అసెంబ్లీల గురించి ఒకే మాట చెబుతాయి. జనాభా లెక్కలు అయిన తరువాత నియోజకవర్గాలను మళ్లీ సర్దాలి. ఎందుకంటే పదేళ్లలో జనం ఒకచోట పెరుగుతారు, ఒకచోట తగ్గుతారు. ఒక ఎమ్మెల్యే లక్షన్నర మందికి, పక్క ఎమ్మెల్యే నాలుగు లక్షల మందికి ప్రాతినిధ్యం వహిస్తే ఒకరి ఓటు విలువ ఇంకొకరి ఓటు విలువలో సగం కూడా ఉండదు. దీన్ని సరిచేయడానికి పార్లమెంటు చట్టం చేసి డీలిమిటేషన్ కమిషన్‌ను వేస్తుంది. అలాంటి చట్టాలు 1952, 1962, 1972, 2002 సంవత్సరాల్లో వచ్చాయి.

ఇక్కడ తమ్ముళ్లు ఒక సంగతి గమనించాలి. ఈ లెక్క ఓటర్లను బట్టి కాదు, జనాభాను బట్టి. ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ నుంచి మంచం పట్టిన ముసలమ్మ వరకు అందరూ లెక్కలోకి వస్తారు. అంటే మూడో తరగతి చదువుతూ హాస్టల్లో కింద చాప మీద పడుకునే పిల్లవాడు కూడా నియోజకవర్గం హద్దు గీయడంలో ఒక మనిషే. ఓటు హక్కు రాకముందే మీకు ఇందులో భాగం ఉందన్నమాట. ఈ సంగతికి చివర్లో మళ్లీ వస్తాం.

2002 చట్టం కింద వేసిన కమిషన్‌కు సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షులు. కేంద్ర ఎన్నికల సంఘం నుంచి ఒకరు, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఒకరు సభ్యులు. ప్రతి రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు కూడా కూర్చుంటారు గానీ వారికి ఓటు లేదు. సలహా చెప్పవచ్చు, అంతే. ఇది మంచి ఏర్పాటని మా అభిప్రాయం. పొలం గట్టు తగాదాలో ఆ పొలం వాళ్లనే పెద్దమనుషులుగా కూర్చోబెడితే ఏమవుతుందో మన ఊళ్లల్లో చూస్తూనే ఉన్నాం.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ ఆ పద్ధతే. అక్కడ లోక్‌సభ లాంటి ప్రతినిధుల సభలో 435 స్థానాలు. పదేళ్లకోసారి లెక్కలు కాగానే వాటిని రాష్ట్రాలకు పంచుతారు. హద్దులు గీసేది ఎక్కువచోట్ల ఆ రాష్ట్ర శాసనసభే, అంటే అధికారంలో ఉన్న పార్టీయే. 1812లో మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకం పెట్టిన పటంలో ఒక నియోజకవర్గం బల్లిలా కనిపించే జంతువు సాలమాండర్ లాగా వంకర్లు తిరిగి ఉందట. పత్రికల వాళ్లు గెర్రీ పేరునూ ఆ జంతువు పేరునూ కలిపి 'గెర్రీమాండర్' అని ఎగతాళి చేశారు. ఆ మాట రెండు వందల ఏళ్లు దాటినా పోలేదు. 2025లో టెక్సాస్ రాష్ట్రం కొత్త జనాభా లెక్కలు లేకుండానే మధ్యలో పటం మార్చుకుంది. దానికి జవాబుగా అదే ఏడాది కాలిఫోర్నియా వాళ్లు ఓటింగు పెట్టి తమ పటం మార్చుకున్నారు.

మన గదుల లెక్కతో చూద్దాం

హద్దు గీసే చేతిలో ఎంత బలం ఉందో తెలియాలంటే హాస్టల్ గదులే చాలు. నాలుగు గదులు, ఒక్కో గదిలో 15 మంది, మొత్తం 60 మంది అనుకోండి. ప్రతి గదికి ఒక లీడర్‌ను ఆ గదివాళ్లే ఓటేసి ఎన్నుకోవాలి. పదో తరగతి వాళ్లు 24 మంది ఉన్నారు, వాళ్లు పదో తరగతి వాడికే ఓటేస్తారు. మిగతా 36 మంది చిన్న క్లాసుల వాళ్లు, వాళ్లు తమలో ఒకడికే వేస్తారు.

వార్డెన్ గారు ఆ 24 మందిని గదికి ఆరుగురు చొప్పున నాలుగు గదుల్లో సర్దితే పదో తరగతికి ఒక్క లీడరూ రాడు, ప్రతి గదిలో ఆరుగురికి ఎదురుగా తొమ్మిది మంది ఉంటారు. ఒకే గదిలో 15 మందిని కూరి, మిగిలిన గదుల్లో ముగ్గురేసి పెడితే ఒక లీడర్ వస్తాడు. రెండు గదుల్లో ఎనిమిదేసి, రెండు గదుల్లో నలుగురేసి పెడితే ఇద్దరు. మూడు గదుల్లో ఎనిమిదేసి పెడితే ముగ్గురు. పిల్లలు అదే 60 మంది, ఓట్లూ అవే. మారింది గది గోడ ఒక్కటే.

దళితవాడలు ప్రతి ఊళ్లోనూ ఊరి చివర ఉంటాయి, చాలా ఊళ్లల్లో ఎక్కువమంది కాదు. అంటే మనవాళ్ల పరిస్థితి గదికి ఆరుగురు అన్న లెక్క. చెదిరి ఉన్నవారికి మామూలు లెక్కలో ఎప్పటికీ లీడర్ రాడు. రిజర్వుడు నియోజకవర్గం ఎందుకు కావలసి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రిజర్వుడు స్థానం అంటే

హాస్టల్లో ఉన్నప్పుడు మాలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉండేది. రిజర్వుడు నియోజకవర్గంలో ఎస్.సి.లే ఓట్లు వేస్తారని అనుకునేవాళ్లం. కాదు. పోటీ చేసేవారు మాత్రమే ఎస్.సి.లు, ఓటు అందరిదీ. దళితులకు విడిగా ఓటింగు ఉండాలని డాక్టర్ అంబేద్కర్ అడగడం, 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోవడం, గాంధీజీ ఎరవాడ జైల్లో నిరాహారదీక్ష చేయడం, సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక కుదరడం సోషల్ పుస్తకంలో చదివారు కదా. స్థానాలు ప్రత్యేకించి, ఓట్లు ఉమ్మడిగా ఉంచే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. దీనివల్ల లాభమూ ఉంది, ఇబ్బందీ ఉంది. గెలిచిన ఎస్.సి. నాయకుడు ఊరందరి ఓట్లతో గెలవాలి, కాబట్టి వాడ తరఫున గట్టిగా మాట్లాడితే ఊరివాళ్లకు కోపం వస్తుందేమోనని వెనుకాడవచ్చు. మన జిల్లాల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే, ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

మొదట్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. 1952, 1957 ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులు. ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. ఓటరుకు రెండు ఓట్లు. 1957లో మన రాష్ట్రంలోని పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఒక విచిత్రం జరిగింది. ఎస్.టి. అభ్యర్థి ఒకరు రిజర్వుడు సీటు గెలిచారు. మిగిలిన జనరల్ సీటుకు ఓట్లు లెక్కిస్తే ఎక్కువ ఓట్లు వచ్చినది మరో ఎస్.టి. అభ్యర్థి డిప్పల సూరిదొరకే. ఆయన చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయినది ఎవరో తెలుసా? తరువాత 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. రిజర్వుడు సీటుకు నిలబడిన మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు సూరిదొర ఎన్నిక సరైనదేనని తీర్పు చెప్పింది. జనరల్ అంటే అందరిదీ, అందులో ఎస్.టి. కూడా ఉన్నాడని ఆ తీర్పు సారం. 1961లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను చట్టం చేసి రద్దు చేశారు. మేమైతే ఈ కేసు చదివిన రోజు మెస్‌లో అందరికీ కథలా చెప్పుకున్నాం.

ముప్పై ఏళ్లు కదలని హద్దులు

ఇక మార్టూరు సంగతికి వద్దాం. 1976లో 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. కుటుంబ నియంత్రణ బాగా పాటించే రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదని, 1971 లెక్కల మీదే స్థానాలను ఆపేశారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 1962లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు లోక్‌సభలో 43 స్థానాలు ఉండేవి, 1967కి అవి 41 అయ్యాయి. తమిళనాడుకు 41 నుంచి 39కి తగ్గాయి. 1977లో మనకు 42 అయి, రాష్ట్రం విడిపోయేదాకా అలాగే ఉండిపోయాయి. అసెంబ్లీ స్థానాలు 1978 నుంచి 294.

స్థానాల సంఖ్యతో పాటు హద్దులు కూడా కదల్లేదు. మా నాన్నలు మొదటిసారి ఓటేసిన హద్దుల్లోనే మా అన్నలూ మొదటి ఓటు వేశారు. ఈలోగా 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నియోజకవర్గాలు మాత్రం పాత తాలూకాలు, ఫిర్కాల లెక్కలోనే ఉండిపోయాయి. హైదరాబాదు చుట్టూ ఊళ్లు బస్తీలై, బస్తీలు నగరాలై జనం లక్షల్లో చేరారు. పల్లెలు అక్కడే ఉన్నాయి.

2001లో వచ్చిన 84వ సవరణ, 2003లో వచ్చిన 87వ సవరణ కలిసి ఒక మధ్యే మార్గం చూపాయి. రాష్ట్రానికి ఎన్ని స్థానాలనేది కదపకూడదు. రాష్ట్రం లోపల మాత్రం 2001 లెక్కల ప్రకారం హద్దులు మళ్లీ గీయాలి. ఎస్.సి., ఎస్.టి. స్థానాలను కూడా 2001 లెక్కల ప్రకారమే కొత్తగా లెక్కించాలి.

లెక్కల మాస్టారు లేకపోయినా ఇది మనమే చేయవచ్చు. 2001లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 7,62,10,007. దాన్ని 294తో భాగిస్తే నియోజకవర్గానికి సగటున 2,59,218 మంది. ఇప్పుడు జిల్లా జనాభాను ఈ సగటుతో భాగించండి. ప్రకాశం జిల్లాకు అప్పుడు 30.59 లక్షలు. భాగిస్తే 11.8, అంటే 12. గుంటూరు జిల్లాకు 44.65 లక్షలు, భాగిస్తే 17.2, అంటే 17. హైదరాబాదు జిల్లాకు 38.30 లక్షలు, భాగిస్తే 14.8, అంటే 15.

అంతకుముందు ప్రకాశంలో 13 స్థానాలు, గుంటూరులో 19, హైదరాబాదులో 13. గుంటూరు రెండు పోగొట్టుకుంది, అవి దుగ్గిరాల, కూచినపూడి. హైదరాబాదు రెండు సంపాదించుకుంది. ప్రకాశానికి ఒకటి తగ్గాలి. మార్టూరు, కంభం రెండూ పోయి, పడమట యర్రగొండపాలెం కొత్తగా వచ్చింది. 13లోంచి రెండు తీసి ఒకటి కలిపితే 12. గెజిట్‌లో లేదని ఆ కౌంటర్ ఆయన చెప్పిన మాటకు అసలు అర్థం ఇదీ. ఎవరో కోపం వచ్చి మార్టూరును తీసేయలేదు. మన పల్లెల్లో పనిలేక హైదరాబాదు పోయినవాళ్లు సీటును కూడా వెంట తీసుకుపోయారు, అంతే.

అయితే లెక్క ఎన్ని సీట్లో చెబుతుంది గానీ ఏ ఊరు ఎటు పోవాలో చెప్పదు. అది కమిషన్ తేల్చాలి. చట్టం ప్రకారం నియోజకవర్గం ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకేచోట కలిసి ఉండాలి, పరిపాలనా హద్దులను, రాకపోకల సౌకర్యాన్ని చూడాలి. ముసాయిదా ప్రకటించి, బహిరంగ విచారణ పెట్టి, అభ్యంతరాలు వినాలి. ఆ విచారణలకు ఎవరు వెళ్తారు? పార్టీల వాళ్లు, కొందరు పెద్ద రైతులు, వకీళ్లు. కూలీ పోగొట్టుకుని మన అమ్మానాన్నలు వెళ్లే పరిస్థితి ఎక్కడుంది? అలాంటి విచారణ ఒకటి ఉంటుందనే సంగతే ఆనాడు మా ఇళ్లల్లో ఎవరికీ తెలియదు. తుది ఉత్తర్వు వెలువడ్డాక అది చట్టంతో సమానం. కోర్టులో ప్రశ్నించడానికి లేదని సుప్రీంకోర్టు మేఘరాజ్ కొఠారి కేసులో 1966లోనే చెప్పింది. 2024లో మరో కేసులో మాత్రం, ఉత్తర్వు మరీ ఏకపక్షంగా, రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉంటే కోర్టులు చూడవచ్చని కొంచెం తలుపు తీసింది.

2008 ఫిబ్రవరి 19న రాష్ట్రపతి ఉత్తర్వుతో కొత్త హద్దులు అమలులోకి వచ్చాయి. మన రాష్ట్రంలో 2009 ఎన్నికలు వాటి మీదే జరిగాయి. మార్టూరు మండలం పర్చూరు నియోజకవర్గంలో చేరింది. పర్చూరు, యద్దనపూడి, కారంచేడు, ఇంకొల్లు, చినగంజాం, మార్టూరు మండలాలు కలిపి ఒక నియోజకవర్గం. కారంచేడు పేరు వినగానే మన పెద్దవాళ్లకు 1985 గుర్తుకొస్తుంది. మనకు పక్కనే ఉన్న బల్లికురవ, సంతమాగులూరు మండలాలు అద్దంకి నియోజకవర్గంలో ఉన్నాయి. ఒకే సంతకు వచ్చేవాళ్లు, ఒకే క్వారీల్లో పనిచేసేవాళ్లు ఇద్దరు ఎమ్మెల్యేల కిందికి వచ్చారు. 2004లో మార్టూరు నుంచి గెలిచిన గొట్టిపాటి రవికుమార్ ఆ పేరుతో గెలిచిన చివరి ఎమ్మెల్యే. ఆయన 2009లో అద్దంకికి మారి అక్కడ గెలిచారు, 2024 దాకా వరుసగా నాలుగుసార్లు గెలిచారు. నాయకులకు వెళ్లడానికి ఇంకో నియోజకవర్గం ఉంటుంది. ఊళ్లు ఎక్కడికీ వెళ్లలేవు. అర్జీ పట్టుకుని ఏ ఊరు బస్సెక్కాలో మాత్రం మారుతుంది.

మనకు వచ్చినది

పోయినదాని గురించే చెబితే సగం మాటే అవుతుంది. 2001 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్.సి.లు 16.19 శాతం, ఎస్.టి.లు 6.59 శాతం. 294కు ఈ శాతాలు కట్టి చూడండి. ఎస్.సి.లకు 48, ఎస్.టి.లకు 19 వస్తాయి. అంతకుముందు ఉన్నవి 39, 15. అంటే ఎస్.సి.లకు తొమ్మిది, ఎస్.టి.లకు నాలుగు స్థానాలు పెరిగాయి. లోక్‌సభలో ఎస్.సి. స్థానాలు ఆరు నుంచి ఏడు, ఎస్.టి. స్థానాలు రెండు నుంచి మూడు అయ్యాయి. ఇన్నేళ్లూ హద్దులు ఆపేయడం వల్ల ఈ తొమ్మిది స్థానాలు మనకు ఎంత ఆలస్యంగా వచ్చాయో కూడా ఆలోచించండి.

ప్రకాశం జిల్లాలో అంతవరకు సంతనూతలపాడు ఒక్కటే ఎస్.సి. స్థానం. 2009 నుంచి యర్రగొండపాలెం, కొండపి కూడా ఎస్.సి. స్థానాలయ్యాయి. అటు గుంటూరు జిల్లాలో తాడికొండకు తోడుగా వేమూరు, ప్రత్తిపాడు వచ్చాయి. కొండపి నుంచి 2014, 2019, 2024లో వరుసగా గెలిచిన డోలా శ్రీబాలవీరాంజనేయస్వామి 2024 జూన్‌లో రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖ మంత్రి అయ్యారు. అంటే మన హాస్టళ్ల శాఖ ఎవరి చేతికి వెళ్లిందనేది కూడా ఒక విధంగా 2008లో గీసిన గీతతో ముడిపడి ఉంది. కొండపి జనరల్‌గానే ఉండి ఉంటే ఆ టికెట్టు ఎవరికి వచ్చేదో చెప్పడానికి పెద్ద జ్ఞానం అక్కర్లేదు.

మనం ఉన్న బాపట్ల లోక్‌సభ స్థానం కూడా అప్పుడే ఎస్.సి. రిజర్వుడు అయింది. 1999లో సినీ నిర్మాత డి. రామానాయుడు, 2004లో దగ్గుబాటి పురందేశ్వరి గెలిచిన స్థానమిది. 2009లో పురందేశ్వరి విశాఖపట్నం వెళ్లారు. అదే సమయంలో నెల్లూరు ఎస్.సి. నుంచి జనరల్ అయింది. నెల్లూరు నుంచి మూడుసార్లు గెలిచిన పనబాక లక్ష్మి బాపట్ల వచ్చి గెలిచారు. తరువాత శ్రీరాం మాల్యాద్రి, నందిగం సురేష్, 2024లో తెన్నేటి కృష్ణప్రసాద్. పంచాయతీల్లో లాగా ఐదేళ్లకోసారి రిజర్వేషన్ మారదు. మళ్లీ డీలిమిటేషన్ జరిగేవరకు అదే. ఎస్.సి. స్థానాలను రాష్ట్రంలో అన్ని ప్రాంతాలకూ పంచుతూ, ఎస్.సి. జనాభా ఎక్కువ శాతం ఉన్నచోట పెట్టాలని చట్టం చెబుతోంది.

ఈ గీత అంతటితో ఆగలేదు. 2022 ఏప్రిల్ 4న లోక్‌సభ నియోజకవర్గాలను ఆధారం చేసుకుని కొత్త జిల్లాలు పెట్టినప్పుడు మార్టూరు ప్రకాశం నుంచి విడిపోయి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఎన్నికల కోసం గీసిన గీత మన కలెక్టరాఫీసును కూడా మార్చింది. మా సర్టిఫికెట్ల మీద ప్రకాశం జిల్లా అని, మీ వాటి మీద బాపట్ల జిల్లా అని ఉంటుంది. ఒకే మంచాల మీద పడుకున్నాం, ఒకే సాంబారు తిన్నాం.

ముందు రాబోయేది

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు 175 అసెంబ్లీ స్థానాలు మిగిలాయి, అందులో ఎస్.సి. 29, ఎస్.టి. 7. లోక్‌సభకు 25. విభజన చట్టం 26వ సెక్షన్‌లో 175ను 225కు, తెలంగాణ 119ని 153కు పెంచాలని ఉంది. అయితే అది రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి ఉండాలి. జమ్మూ కాశ్మీరులో 2022లో హద్దులు మార్చి 83ను 90 చేశారు కదా, మాకెందుకు చేయరని వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. రాష్ట్రాల నియమం వేరు, కేంద్రపాలిత ప్రాంతాల నియమం వేరు అన్నది.

84వ సవరణ పెట్టిన షరతు ఏమిటంటే, 2026 తరువాత తీసే మొదటి జనాభా లెక్కలు వెలువడేవరకు రాష్ట్రాల స్థానాలు కదలకూడదు. 2021లో జరగాల్సిన జనగణన కరోనా వల్ల ఆగిపోయింది. 2025 జూన్ 16న వెలువడిన ప్రకటనలో 2027 మార్చి 1ని లెక్కల తేదీగా పెట్టారు. అందుకే దక్షిణాది రాష్ట్రాల్లో ఆందోళన మొదలైంది. 2025 మార్చిలో చెన్నైలో సమావేశం పెట్టారు, తెలంగాణ ముఖ్యమంత్రి కూడా వెళ్లారు. మహిళలకు మూడో వంతు స్థానాలు ఇస్తూ 2023లో చేసిన 106వ సవరణను కూడా జనగణన తరువాత జరిగే డీలిమిటేషన్‌కే ముడిపెట్టారు. మన చెల్లెళ్ల హాస్టల్ వాళ్లు ఈ పేరా రెండుసార్లు చదువుకోవాలి.

పెద్ద రాష్ట్రాలకు ఎన్ని, మనకు ఎన్ని అనే తగువును పెద్దలు చూసుకుంటారు. మన చేతిలో ఉన్నది ఒకటుంది. అదే లెక్కలోకి ఎక్కడం.

జనగణన ఇంటింటి లెక్క ఫిబ్రవరిలో తీస్తారు. ఫిబ్రవరి అంటే మన ప్రాంతంలో ఏమిటి? మిరపకాయ కోతలు. వాడల్లో ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను కాపలా పెట్టి, పిల్లల్ని హాస్టల్లో ఉంచి కుటుంబాలకు కుటుంబాలు కోతలకు వెళ్లే నెల. మాలో ఇద్దరి ఇళ్లల్లో 2011 లెక్కలప్పుడు అదే జరిగింది. ఎన్యూమరేటర్ వచ్చేసరికి తాళం. కోతలకు వెళ్లిన చోట పొలంలో గుడిసె, అక్కడికి ఎవరూ రాలేదు. ఇక్కడా లేరు, అక్కడా లేరు. ఆ రెండు కుటుంబాల్లో కలిపి తొమ్మిది మంది దేశంలోనే లేనట్టు.

నియమం ఏమిటంటే, లెక్క తీసే రోజుల్లో కొద్ది రోజులైనా సొంత ఇంట్లో ఉంటే అక్కడే రాస్తారు. ఆ రోజులన్నీ బయటే ఉంటే ఉన్నచోట రాయాలి. గుడిసె అయినా, కళ్లం అయినా, క్వారీ షెడ్డు అయినా సరే. హాస్టళ్లను 'సంస్థాగత కుటుంబం' అనే లెక్కలో విడిగా రాస్తారు. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లవాడిని హాస్టల్లోనే రాయాలి, ఇంట్లో మళ్లీ రాయకూడదు. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లు పేరు చెప్పి, ఇక్కడ వార్డెన్ గారు మళ్లీ చెబితే రెండుసార్లు పడుతుంది. ఇక్కడి రిజిస్టరులో ఉన్నాడులే అని ఇంట్లోవాళ్లు, ఇంట్లో రాసి ఉంటారులే అని ఇక్కడివాళ్లు అనుకుంటే అసలే పడదు.

ఇంకో మాట కూడా చెప్పక తప్పదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులను మాత్రమే జనగణనలో ఎస్.సి.లుగా రాస్తారు. మన వాడల్లో దీని గురించి ఎన్ని తర్జనభర్జనలు జరుగుతాయో మీకు తెలుసు. ఎవరు ఏం చెప్పుకోవాలో మేము చెప్పడం లేదు, అది ఎవరి మనస్సాక్షి వారిది. ఆ గడిలో రాసిన మాటను బట్టే ఎస్.సి. శాతం తేలుతుందని, ఆ శాతాన్ని బట్టే 29 అనే అంకె పెరగడమో తగ్గడమో జరుగుతుందని తెలిసి ఉండాలి. ఎన్యూమరేటర్ మనల్ని అడగకుండా తానే ఊహించి రాసుకుపోకుండా చూసుకోవాలి.

లెక్కలు తీసే రోజుల్లో తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు వార్డెన్ గారి దగ్గర కూర్చుని, అడ్మిషన్ రిజిస్టరు తెరిచి గదివారీగా పేర్లు సరిచూస్తే బాగుంటుంది. ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "అమ్మా, ఏ ఊళ్లో కోస్తున్నారు, మిమ్మల్ని రాసుకున్నారా" అని కూడా అడగండి. మేము నలుగురం మా ఊళ్లల్లో ఈ పని పెట్టుకున్నాం.